పాల ట్యాంకు గోడలోని నురగ మన కప్పులకు పనికివస్తుందా?

(కార్ఖానాలో సమావేశమైన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం ఫోమ్ ఇన్సులేషన్. అంటే నురగ వంటి పదార్థంతో భవనాలలోకి వేడి రాకుండా ఆపి, కరెంటు ఖర్చు తగ్గించుకోవడం. పాల సంఘాల సభలో ఇదేమి సంగతని కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం గమనించాము. కాని కొంతకాలంగా సంఘాల నుంచి ఒకే మాట వినవస్తున్నది. “మిద్దె మీద ఫోమ్ కొట్టిస్తే గది చల్లబడుతుంది, కరెంటు బిల్లు సగమవుతుంది అంటున్నారు. పాలకవర్గం తీర్మానం చేయవచ్చునా?” తీర్మానం చేస్తే ఖర్చయ్యేది సభ్యుని డబ్బు. లీటరుకు ఇన్ని పైసలని పోగైన సొమ్ము. కనుక ఈ పదార్థం ఏమిటి, ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది విడమరచి చెప్పడం మా విధి అనుకుంటున్నాము.

నిజానికి ఈ ఫోమ్ మీకు కొత్త కాదు. మీ సంఘంలోని బల్క్ కూలరుకు లోపల ఒక స్టీలు రేకు, బయట ఒక స్టీలు రేకు ఉంటాయి. మధ్యలో రెండు మూడు అంగుళాల మందాన పసుపుపచ్చగా, గట్టిగా, తేలికగా ఉండేదే పాలియూరిథేన్ ఫోమ్. పనివాళ్ల భాషలో పఫ్. ఇంట్లో అన్నం వేడిగా ఉంచే హాట్‌బాక్సు గోడలోనూ సాధారణంగా ఇదే. చేపల పెట్టెకు, ఐసు డబ్బాకు వాడే తెల్లటి థర్మోకోల్ దీనికి దాయాది.

ఇది వేడిని ఎట్లా ఆపుతుంది? పాలు పితికేటప్పుడు చెంబులో పొంగే నురగను చూడండి. బుడగ బుడగలో గాలి బందీ అయి ఉంటుంది. ఆ నురగ కాసేపటికి చితికిపోతుంది. పఫ్ మాత్రం గట్టిపడిన నురగ. అందులోని సన్నని గదులు మూసుకొని ఉంటాయి, లోపలి వాయువు కదలలేదు. కదలని గాలి వేడిని చాలా నిదానంగా మోస్తుంది. గొర్రెల కాపరి గొంగడి చేసే పని కూడా ఇదే. చలికాలంలో కప్పుకుంటాడు, ఎండాకాలంలోనూ నెత్తిన వేసుకుంటాడు. ఉన్ని తనంతట తాను వేడీ కాదు, చల్లనా కాదు. రెండింటి మధ్య అడ్డుగోడ, అంతే. ఫోమ్ కూడా చల్లదనాన్ని పుట్టించదు. ఈ ఒక్క మాట గుర్తుంటే కంట్రాక్టరు చెప్పే మాటల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

పాలియూరిథేన్‌ను 1937లో జర్మనీలో ఆటో బేయర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు కనుగొన్నారు. అంతకు ముందు ఈ పని ఊక, రంపపు పొట్టు చేసేవి. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి మంచుగడ్డలు ఓడలో నాలుగు నెలలు ప్రయాణం చేసి కలకత్తా చేరాయంటే ఆ చుట్టూ కూరిన పొట్టు మహిమే. మన తిరనాళ్లలో ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి ఊకలో పూడ్చిపెట్టడం పెద్దలందరూ చూసిందే.

ఇక అంకెలు. రెండంగుళాల మంచి పఫ్ ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే దాదాపు పది అడుగుల మందం పోయాలి. ఇటుక గోడైతే అయిదు అడుగులు. మీ వెయ్యి లీటర్ల కూలరుకే ఈ లెక్క వేద్దాము. పాలు 4 డిగ్రీలకు చల్లబడ్డాయి, బయట 40 డిగ్రీలు, కరెంటు పోయింది. గోడలో రెండంగుళాల ఫోమ్ ఉంటే లోపలికి పాకే వేడి సుమారు 100 వాట్లు. ఆ లెక్కన పాలు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి పది గంటల దాకా పడుతుంది. మూత సరిగా మూయకపోతే, రబ్బరు పట్టీ చిరిగితే అంతకన్నా ముందే వేడెక్కుతుంది. అదే ట్యాంకు ఒట్టి స్టీలు రేకుతో ఉంటే డిగ్రీ పెరగడానికి గంట కూడా పట్టదు. గోరువెచ్చని పాలలో సూక్ష్మజీవులు ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయని మీకు తెలుసు. ఆ రెండంగుళాల నురగే పాలు విరగకుండా మిమ్మల్ని కాపాడుతున్నది.

మరొక ఉదాహరణ మన ప్రాంతానిదే. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు, సికింద్రాబాద్ కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వే రేణిగుంట నుంచి ఢిల్లీకి ‘దూద్ దురంతో’ పేరిట పాల బండ్లు నడిపింది. ఒక్కొక్క ట్యాంకరులో 40,000 లీటర్లు. 2,300 కిలోమీటర్ల దూరం, ఒక రాత్రి, ఒక పగలు, పైన మరికొన్ని గంటలు. ముందే బాగా చల్లబరచిన పాలను ఇన్సులేషన్ పొర గల ట్యాంకర్లలో నింపి పంపారు. పాలను చల్లబరచే పని బయలుదేరే చోటే పూర్తయింది, దారి పొడుగునా ఆ చల్లదనాన్ని కాపాడింది గోడ.

ఇంతవరకు ఫోమ్‌కు పొగడ్త. ఇప్పుడు భవనాల సంగతికి వద్దాము. ఇక్కడే జాగ్రత్త కావాలి.

మనం కూర్చున్న ఈ కార్ఖానా కంటోన్మెంటు ప్రాంతం. పేరుకు తగ్గట్టు ఒకప్పటి పనివాడ. తిరుమలగిరి వైపు వెళ్తుంటే కొన్ని పాత బంగళాలు ఇంకా నిలిచి ఉన్నాయి. మిలిటరీ డెయిరీ ఫారం రోడ్డు అనే పేరు కూడా సికింద్రాబాదులో ఇంకా వాడుకలో ఉన్నది. 1889లో అలహాబాదులో మొదలైన సైనిక పాడిక్షేత్రాలను 2021లో మూసివేశారు, పేరు మాత్రం రోడ్డుకు మిగిలింది. ఆ పాత బంగళాల గోడలు మూరెడు మందం. పైన ఎత్తైన కప్పు, చుట్టూ వరండా. డంగు సున్నంతో కట్టిన ఆ మందపు గోడ పగటి వేడిని తనలో దాచుకొని, లోపలికి చేరవేసేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి కిటికీలు తెరిస్తే బయటి చల్లగాలి వస్తుంది. వరండా గోడమీద ఎండ పడనివ్వదు. ఫోమ్ లేదు, కరెంటు లేదు, పని జరిగిపోయింది.

అదే రోడ్డు మీద ఈనాటి కట్టడాలు చూడండి. అయిదంగుళాల స్లాబు, తొమ్మిదంగుళాల గోడ, కొన్నిచోట్ల నాలుగున్నర. ముందుభాగమంతా అద్దం. ఆ అద్దం వెనుక ఏసీ మిషన్లు పొద్దంతా మొత్తుకుంటాయి. మన సంఘాల భవనాలకు అద్దాలు లేకపోయినా స్లాబు మాత్రం అదే. హైదరాబాదు అక్షాంశంలో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు కర్రకు నీడ పడదు. కనుక వేసవి ఎండ గోడల కంటే కప్పు మీదనే ఎక్కువ పడుతుంది. చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు. మసిబారిన స్లాబు 60 డిగ్రీలు దాటుతుంది. అది రాత్రి పది దాటినా చల్లారదు. ఫ్యాను వేస్తే నిప్పుల గాలి కొడుతున్నదని అనుకుంటాము. ఫ్యాను తప్పేమీ లేదు, పైనున్న స్లాబు పొయ్యిలా కాగి ఉన్నది.

ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల గది తీసుకోండి. లోపల ఏసీ పెట్టి 27 డిగ్రీలు ఉంచాలనుకుంటే, మండే మధ్యాహ్నం ఒట్టి స్లాబు గుండా దిగే వేడి స్థూలంగా 4 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ చేసే పని అంతా, ఇంకా కొంత, ఆ కప్పు వేడికే సరిపోతుంది. మనుషులకు మిగిలేది లేదు. అదే స్లాబు మీద రెండంగుళాల పఫ్ వేస్తే ఆ వేడి అర కిలోవాటుకు దిగుతుంది. రోజుకు ఎనిమిది గంటలు ఏసీ నడిపే గదైతే, ఉదయం సాయంత్రం తగ్గే వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటే, రోజుకు ఆరు యూనిట్ల వరకు మిగులుతుంది. నాలుగు నెలల వేసవికి ఏడు వందల యూనిట్లు. ఈ అంకెను మీ యూనిటు రేటుతో గుణించి, కొటేషనుతో పోల్చి, ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో మీరే వేసుకోవచ్చు.

అయితే ఈ లెక్కలో ఒక షరతు ఉన్నది. గదిలో ఏసీ ఉండాలి. ఏసీయే లేని గదిలో ఫోమ్ వేస్తే ఉక్క తగ్గుతుంది, పనిచేసేవారికి సుఖంగా ఉంటుంది, కాని బిల్లులో తగ్గేది ఏమీ ఉండదు. లేని ఖర్చును ఎవరు తగ్గించగలరు? బిల్లు సగమవుతుందని ఎవరైనా చెబితే, “ఏ మోటారు తిరగడం తగ్గి సగమవుతుంది?” అని అడగండి.

సంఘంలో కరెంటు ఎక్కువ తాగేది కూలరు కంప్రెసరు. దాని గదికి ఫోమ్ వేయాలా? ఈ ప్రశ్నకు మా సమాధానం ఖచ్చితంగా వేయనక్కరలేదనే. పాలలోంచి లాగిన వేడినంతా కండెన్సరు గదిలోకే ఊదుతుంది. ఆ గదిని ఫోమ్‌తో బిగించి కిటికీలు మూస్తే, వేడి పోయే దారి లేక గది కుంపటి అవుతుంది. కండెన్సరు చుట్టూ ఉన్న గాలి వేడెక్కిన కొద్దీ, డిగ్రీకి రెండు మూడు శాతం చొప్పున కంప్రెసరుకు కరెంటు ఎక్కువ పడుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఎంతో ఊహించండి. ఆ గదికి కావలసింది ఎదురెదురు గోడలలో జాలీలు, వేడిగాలిని బయటకు తోసే ఫ్యాను, కండెన్సరు రెక్కల్లో పేరుకున్న దుమ్మును నెలకోసారి దులపడం, పైన నీడ. వీలుంటే కండెన్సరునే గది బయట ఉత్తరపు నీడలో పెట్టడం. కొన్ని సంఘాలలో కండెన్సరుకు ఆనించి దాణా బస్తాలు పేర్చడం చూశాము. ఆ బస్తాలు పక్కకు జరిపితే వచ్చే ఆదా ఏ ఫోమ్‌తోనూ రాదు.

మరి ఫోమ్ ఎక్కడ తప్పనిసరి? శీతల గదికి, అంటే వెన్న, పెరుగు, ప్యాకెట్ పాలు నిలువ చేసే గదికి. అక్కడ లోపలా బయటా తేడా ఏడాది పొడుగునా ఉంటుంది, వేసవిలో ముప్పై, నలభై డిగ్రీలకు చేరుతుంది. అటువంటి గదికి గోడ, కప్పు, తలుపు, నేల అన్నిటికీ ఇన్సులేషన్ కావలసిందే. నేలను మరిచిపోయేవారు చాలామంది. చల్లని నీటి గొట్టాలకు కూడా ఫోమ్ తొడుగు ఉండాలి. తొడుగు చిరిగి, వానాకాలంలో గొట్టానికి చెమట పట్టి, నీరు ఫోమ్‌లోకి ఇంకితే అది పనికిరాదు. తడిసిన గొంగడి చలి ఆపుతుందా? అందుకే ఇన్సులేషనుకు వేడి ఉన్న వైపున ఆవిరి చొరబడని పొర తప్పక వేయించాలి. కొటేషనులో ఆ పొర మాట లేకపోతే ఆ కాగితం వెనక్కి పంపండి.

సంఘం ఆఫీసు గది, పాల పరీక్ష గది సంగతి వేరు. వాటికి మొదట చేయవలసింది చవకైన పని. మిద్దెకు తెల్ల సున్నం. నల్లబడిన స్లాబు 60 డిగ్రీలు దాటే చోట తెల్లని స్లాబు పది, పదిహేను డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఎండను రాకముందే తిప్పి పంపడం అది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం కూడా ఈ సూత్రం మీదనే నిలిచింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇట్లా మార్చాలని అందులో లక్ష్యంగా పెట్టారు. సున్నం ఒక వానాకాలానికి కొట్టుకుపోతుంది, దుమ్ము పడితే తెల్లదనం తగ్గుతుంది. కనుక ఏటా ఉగాదికి ఇల్లు వెల్ల వేసేటప్పుడే మిద్దెకూ ఒక పూత వేయడం అలవాటు చేసుకోవాలి. పూర్వం సున్నం పట్టుగా ఉండటానికి పాలలోని కేసీన్ కలిపేవారు. అట్లాగని సంఘం పాలు సున్నంలో పోయమని మేము చెప్పడం లేదు!

సున్నం వేసిన తరువాత కూడా ఏసీ గది భరించలేని స్థితిలో ఉంటే అప్పుడు ఫోమ్ ఆలోచించండి. దేశంలో నివాస గృహాలకు 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు గుండా చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు 1.2 వాట్ల కన్నా ఎక్కువ దిగరాదు. ఒట్టి స్లాబు గుండా దిగేది మూడున్నర. పెద్ద వ్యాపార భవనాలకు వర్తించే ఇంధన పొదుపు కోడు 2017లో దీనిని ఇంకా బిగించి, చాలా భవనాలకు 0.33 అన్నది. మన హైదరాబాదులోనే 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సి.ఐ.ఐ. గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం ఉన్నది. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. వీలున్నవారు వెళ్లి చూడవచ్చు. అక్కడ కప్పుల మీద పచ్చిక పెంచారు, లోపల నడవాలకు గాలి వెలుతురు వచ్చే ఏర్పాటు చేశారు. ఇన్సులేషను ఒక్కటే కాదు, నీడ, గాలి, వెలుతురు అన్నీ కలిస్తేనే పొదుపు.

మిద్దె మీద ఫోమ్ వేసేటప్పుడు స్లాబు పైభాగాన వేయించండి. కింద సీలింగుకు వేయిస్తే స్లాబు రోజూ కాగి, చల్లారి, పగుళ్లు తీస్తుంది, వానకు కారుతుంది. పైన వేస్తే స్లాబుకే గొడుగు పట్టినట్లు. కాని ఫోమ్‌ను ఎండకు వదిలేయరాదు. సూర్యరశ్మి తగిలితే పసుపుపచ్చ కాస్తా గోధుమ రంగుకు తిరిగి, పొడి పొడిగా రాలిపోతుంది. పైన సిమెంటు పొర, వాలు, వీలైతే తెల్ల పెంకులు ఉండాలి. చీమలు, ఎలుకలు అందులో గూళ్లు పెట్టకుండా అంచులు మూయాలి. ఇన్సులేషన్ వేసిన గదిలో రాత్రి కిటికీలు తెరవడం మరవవద్దు. పగలు వేడిని రానివ్వని పొర, రాత్రి లోపలి వేడిని పోనివ్వదు.

ఫోమ్‌ను పిచికారీ చేసేటప్పుడు వెలువడే ఐసోసైనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది, ఉబ్బసం తెప్పించవచ్చు. పనివారికి సరైన మాస్కు, తొడుగులు ఉన్నాయో లేదో చూసే బాధ్యత పని ఇచ్చిన సంఘానిది కూడా. ఒక రోజంతా గదిని ఖాళీగా ఉంచి గాలి ఆడనివ్వాలి. పాల సేకరణ సమయానికి దగ్గరగా ఈ పని పెట్టుకోవద్దు.

ఒకప్పుడు ఈ ఫోమ్‌ను పొంగించడానికి వాడిన వాయువులు ఆకాశంలోని ఓజోను పొరను తినేవి. 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు కూడి వాటిని మానాలని ఒప్పందానికి వచ్చాయి. మన దేశం 1992లో చేరింది. హెచ్.సి.ఎఫ్.సి.-141బి అనే వాయువు దిగుమతిని 2020 జనవరి 1 నుంచి నిలిపివేసింది. ఇప్పుడు సైక్లోపెంటేన్ వంటివి వాడుతున్నారు. కొటేషనులో ఏ వాయువుతో పొంగించినదో రాయమని అడగండి.

అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. పఫ్ మండుతుంది. మండితే కార్బన్ మోనాక్సైడుతో పాటు సయనైడు విషవాయువు వస్తుంది. మంట అంటుకోకముందే ఆ పొగ మనిషిని పడగొడుతుంది. 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ అనే 24 అంతస్తుల భవనానికి నిప్పంటుకొని 72 మంది మరణించారు. గోడల వెలుపల అతికించిన తొడుగు, దాని వెనుక ఉన్న ఫోమ్ పలకలు మంటను మోసుకుపోయాయి. ఖర్చు తగ్గించి, చలి ఆపుదామని చేసిన పని అది. కనుక గది లోపలి వైపు ఫోమ్ కనిపించేట్టు ఎన్నడూ ఉంచరాదు. ప్లాస్టరో, రేకో, సిమెంటు బోర్డో కప్పి ఉండాలి. కరెంటు వైర్లు ఫోమ్‌లో పూడ్చరాదు, గొట్టంలో వేయాలి. ఫోమ్ ఉన్న చోట వెల్డింగు చేయనివ్వరాదు. మంటను నిదానించే రకమని చెబితే, పరీక్ష సర్టిఫికెట్ చూపించమనండి. ఆ రకం కూడా మండదని కాదు, త్వరగా అంటుకోదని మాత్రమే.

చివరగా పశువుల కొట్టం. దీని గురించే ఎక్కువమంది అడిగారు. రేకుల షెడ్డు కింద గేదె ఎండాకాలంలో రొప్పుతూ పాలు తగ్గిస్తే ఎవరికి బాధ ఉండదు? గేదెది నల్లని తోలు, చెమట గ్రంథులు తక్కువ. కాగిన రేకు దాని వీపు మీదకే సెగ కొడుతుంది. అందువల్ల రేకు కింద థర్మోకోల్ పలకలు అంటిద్దామని కొందరికి తోచింది. మేము వద్దంటాము. కొట్టానికి గోడలు లేవు, గాలి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, ఆపవలసింది పైసెగ ఒక్కటే. దానికి రేకు పైన ఒక జానెడు మందాన వరిగడ్డి గానీ తాటాకు గానీ పరచి తాడుతో కట్టినా చాలు, రేకుకు తెల్ల పూత పూసినా కొంత మేలు. గడ్డి పరిస్తే పొయ్యికీ బీడీకీ దూరంగా ఉంచండి. థర్మోకోల్‌ను పిచ్చుకలు పొడుస్తాయి, ఎలుకలు కొరుకుతాయి, ఆ ముక్కలు మేతలో పడతాయి. పశువు కడుపులోకి ప్లాస్టిక్ పోతే ఏమవుతుందో పశువైద్యులు ఇదివరకే మీకు చెప్పి ఉన్నారు. కప్పు ఎత్తు పదడుగులకు తగ్గకుండా, నడినెత్తిన వేడిగాలి పోయే సందు వదిలి, పడమటి వైపు వేపచెట్టు పెట్టండి. చెట్టు పెరిగేదాకా పందిరి వేయండి.

సభ్యులకు ఒక పని అప్పగించి ముగిస్తాము. ఫోమ్ కొటేషను మీద తీర్మానం రాయకముందు, సంఘంలోని థర్మామీటరు ఒకటి ఆ గది కప్పుకు జానెడు కింద వేలాడదీయండి. వారం రోజులు ఉదయం ఆరుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి తొమ్మిదికి అంకె రాసుకోండి. తరువాత మిద్దెకు సున్నం కొట్టించి మళ్లీ వారం రాయండి. పక్కనే మీటరు రీడింగు కూడా వేయండి. ఆ రెండు వారాల కాగితం, కంట్రాక్టరు కొటేషను కలిపి మా ఇంజనీరింగు విభాగానికి పంపితే, ఆ గదికి ఫోమ్ కావాలో వద్దో, కావాలంటే ఎన్ని అంగుళాలో లెక్క కట్టి రాతపూర్వకంగా తెలియజేస్తాము. దీనికి సంఘాల నుంచి రుసుము తీసుకోము.